తెలివిని తక్కెట్ల తూచినోళ్ల కథ

"గా కులపోళ్లకు తెలివి పుట్టుకతోనే వస్తది. మనకెక్కడిది?"

ఈ మాట ఎవ్వరూ మైకు పట్టి చెప్పరు. చాయ్ హోటల్ కాడ, వాట్సాప్ గ్రూపుల, పెండ్లి బంతిల పక్కన కూసున్నోళ్ల నోట్లె వినవడ్తది. సీటొచ్చిన పిలగాన్ని చూసి "రిజర్వేషన్ తోని వచ్చింది, బుర్రతోని కాదు" అంటరు. ఫెయిలైన పిల్లను చూసి "వాళ్లింట్ల ఎవ్వలకూ చదువు అబ్బలే, ఇగ దీనికేం అబ్బుతది" అంటరు. హాస్టళ్లకు పోయినప్పుడు పిల్లలు నన్ను పక్కకు పిలిచి అడిగేది కూడ గిదే. "అన్నా, తెలివి రక్తంలనే ఉంటదంట. సైన్స్ కూడ గట్లనే చెప్తదంట. నిజమేనా?"

"అబద్ధం, నమ్మకు" అని ఒక్క మాట చెప్పి ఊకోవచ్చు. అట్ల చెప్తే రేపు ఇంకొకడు వచ్చి "నిజమే" అంటడు, పిల్లలు ఆగమైతరు. వాళ్ల చేతికి ఒక పనిముట్టు ఇయ్యాలె. నాకు గసుంటి పనిముట్టు లెక్క దొరికిన ఒక పుస్తకం గురించి ఇయ్యాల చెప్త.

ఏ బీరువల పెట్టాల్నో తెల్వని పుస్తకం

పుస్తకం పేరు 'ది మిస్‌మెజర్ ఆఫ్ మ్యాన్'. మన భాషల చెప్పాలంటె మనిషిని తప్పుగ కొలిచిన కథ. రాసింది స్టీఫెన్ జే గూల్డ్, అమెరికాల హార్వర్డ్ యూనివర్సిటీల పాఠాలు చెప్పిన జీవశాస్త్రవేత్త. శిలాజాలు, నత్తగుల్లలు ఆయన అసలు పని. పుస్తకం 1981ల వచ్చింది. 1996ల ఇంకొంత కలిపి మళ్ల అచ్చేసిన్రు.

ఇది జీవశాస్త్రమా? అవును. వైద్యమా? అండ్ల పేజీ పేజీకి డాక్టర్లే ఉంటరు. మనస్తత్వ శాస్త్రమా, చరిత్రనా అంటె అది కూడ అవును. లైబ్రరీల ఏ బీరువల పెట్టాల్నో అర్థం కాని పుస్తకం. నాకు గీ తీరు పుస్తకాలే ఇష్టం. మన బతుకు కూడ ఒక్క సబ్జెక్టుల ఇమడదు కదా. ఊర్ల ఒక పిల్ల బక్కగ ఉన్నదంటె అండ్ల తిండి ఉన్నది, రోగం ఉన్నది, కులం ఉన్నది, తాత చేసిన అప్పు కూడ ఉన్నది.

ఇంటర్ తోనే కాలేజీ బందు పెట్టినోన్ని నేను. ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల దొరికింది. పక్కకు డిక్షనరీ పెట్టుకొని చదివిన, నెలన్నర పట్టింది. లెక్కల అధ్యాయం రెండుసార్లు చదివితే గని తలకెక్కలే. నా తీరు మీరు కూడ చదవొచ్చు అని చెప్పేటందుకే ఈ సంగతి చెప్తున్న.

పుర్రెల పోసిన గింజలు

అమెరికాల ఫిలడెల్ఫియా అనే పట్నంల శామ్యూల్ జార్జ్ మోర్టన్ అని ఒక డాక్టర్ ఉండె. 1851ల సచ్చిపోయేదాక దేశదేశాల కెళ్లి వెయ్యి దాక పుర్రెలు జమ చేసిండు. ఆదివాసులయి, బానిసలయి, గోరీలు తవ్వి తెచ్చినయి అన్నీ అండ్ల ఉన్నయి. సచ్చినోళ్ల ఇంటోళ్లను అడిగి తెచ్చిన పుర్రెలు కావవి.

ఆయన పని ఏందంటె, పుర్రె లోపటి ఖాళీని గింజలతోని నింపుడు, మళ్ల ఆ గింజలను గొట్టంల పోసి కొలుసుడు. మొదలు తెల్ల మిరియాల గింజలు వాడిండు. ఒక్కపారి కొలిస్తే ఒక తీరు, ఇంకోపారి కొలిస్తే ఇంకో తీరు వచ్చేసరికి సీసం గుండ్లకు మారిండు. 1839ల అచ్చేసిన పట్టికల తెల్లోళ్ల పుర్రెలు అన్నిటికన్న పెద్దగ, నల్లోళ్లయి అన్నిటికన్న చిన్నగ ఉన్నయని చూపిండు. బానిసత్వాన్ని సమర్థించేటోళ్లకు ఇంకేం కావాలె? "మేం దొరలం, వాళ్లు బానిసలు అన్నది దేవుడు పుర్రెలనే రాసిపెట్టిండు" అని పుస్తకాలు రాసుకున్నరు.

గూల్డ్ ఆ పట్టికను ముందటేసుకొని సగటు ఎట్ల తీసిన్రు అని చూసిండు. అండ్ల మన సంగతి కూడ ఉన్నది. మోర్టన్ తానా భారతదేశం పుర్రెలు 17 ఉన్నయి. తెల్లజాతి గుంపులనే మనోళ్లను కూడ లెక్కవెట్టిండు. అయితే ఆ గుంపు సగటు తీసేటప్పుడు 17ల మూడే కలిపిండు. మిగతయి ఎందుకు కలుపలే? మనోళ్ల పుర్రెలు మరీ చిన్నగ ఉన్నయి, కలిపితే సగటు దిగుతది. ఈ ముచ్చట ఆయన దాచిపెట్టలే, పుస్తకంలనే రాసుకున్నడు. అదే అమెరికా ఆదివాసుల గుంపు కాడికి వచ్చేసరికి పుర్రెలు చిన్నగ ఉండే పెరూ ఇంకా జనాలను దండిగ కలిపిండు. ఒక తానా చిన్నయి తీసేసుడు, ఇంకో తానా చిన్నయి కలుపుడు. తాసు మంచిదే, అండ్ల ఏం ఎయ్యాల్నో మనిషి చేతులున్నది.

ఇంకో సంగతి. పుర్రె పెద్దగుంటె తెలివి ఎక్కువ అని ఎవలు చెప్పిన్రు? పెద్ద ఒళ్లు ఉన్నోనికి తలకాయ కూడ కొంచెం పెద్దగనే ఉంటది. రష్యా రచయిత తుర్గెనేవ్ సచ్చినంక మెదడు తూస్తే 2 కిలోల చిల్లర వచ్చింది. ఫ్రాన్స్ రచయిత అనతోల్ ఫ్రాన్స్‌ది తూస్తే కిలో మీద కొంచెమే వచ్చింది. అంటె సగం. అయినా ఆయనకు 1921ల నోబెల్ బహుమతి వచ్చింది.

బడి పిల్లల మేలు కోసం పుట్టిన పరీక్ష

పుర్రెల కాలం పోయినంక పరీక్షల కాలం వచ్చింది. ఐక్యూ అనే మాట మీరు విన్నరు కదా, దాని పుట్టుక కథ ఇది. ఫ్రాన్స్‌ల ఆల్ఫ్రెడ్ బినే అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడ మొదలు తలకాయలే కొలిచిండు. తెలివిగల్ల పిల్లలకు, వెనుకవడ్డ పిల్లలకు నడుమ తేడా మిల్లీమీటర్లల్ల వచ్చింది. ఆ తేడా కూడ తన మనసుల ముందుగాలనే ఉన్న అనుమానంతోని వచ్చిందేమో అని తన కొలతను తనే శంకించి, ఆ పని వదిలిపెట్టిండు. సైన్స్ చేసేటోనికి ఉండాల్సిన బుద్ధి అది.

తర్వాత అక్కడి సర్కారు, బళ్లె వెనుకవడే పిల్లలను గుర్తుపట్టే దారి చెప్పుమన్నది. 1905ల సిమోన్ అనే డాక్టరుతోని కలిసి ఒక పరీక్ష తయారు చేసిండు. ఎవలకు ఎక్కువ సాయం కావాల్నో తెలుసుకునుడు దాని పని. ఇది పుట్టుక తెలివిని కొలిచే తక్కెడ కాదు, పిల్లల మీద ముద్ర వెయ్యకుండ్రి అని బినే హెచ్చరించిండు. వెనుకవడ్డ పిల్లలకు వేరే తరగతులు పెట్టి ఎట్ల ముందుకు తేవాల్నో కూడ చూసిండు. 1911ల సచ్చిపోయిండు.

అదే పరీక్షను అమెరికాకు తీస్కపోయినోడు హెన్రీ గాడార్డ్. సాయం చేసేటందుకు పుట్టిన పరీక్ష ఆయన చేతుల ఏరిపారేసే జల్లెడైంది. 1913ల ఓడ దిగి వచ్చే వలస కూలీలకు ఎల్లిస్ ద్వీపంల పరీక్ష పెట్టించిండు. నెలల కొద్ది సముద్రం మీద కాకపోయినా రోజుల కొద్ది ఓడ అడుగు తరగతిల కూలవడి వచ్చినోళ్లు, ఇంగ్లీషు రానోళ్లు, కొందరైతే బతుకుల పెన్సిల్ పట్టనోళ్లు. పరీక్ష పెట్టిన కొద్దిమంది యూదులు, ఇటలోళ్లు, హంగేరోళ్లు, రష్యనోళ్లల్ల ఐదుగురిల నలుగురు మందబుద్ధి ఉన్నోళ్లే అని తేల్చిండు.

మొదటి ప్రపంచ యుద్ధంల రాబర్ట్ యెర్క్స్ అనే ఆయన 17 లక్షలకు పైగ సిపాయిలకు పరీక్ష పెట్టించిండు. అండ్ల ప్రశ్నలు ఎట్లుండె? క్రిస్కో అంటె ఏంది అని ఒక ప్రశ్న. అది అమెరికాల అమ్మే వంట కొవ్వు. బేస్‌బాల్ ఆటగాని పేరు చెప్పి వాడు ఎవడు అని ఇంకోటి. చదువు రానోళ్లకు బొమ్మల పరీక్ష పెట్టిన్రు, అండ్ల టెన్నిస్ కోర్టు బొమ్మ చూపి ఏం తక్కువైందో గీయుమన్నరు. నెట్టు గీయాలె. టెన్నిస్ కోర్టు చూడనోనికి నెట్టు ఎట్ల తెలుస్తది? మన ఊరి ముసలామెను ఓటీపీ అంటె ఏంది అని అడిగి, తెల్వదంటె బుర్ర లేదు అని రాసినట్టు.

ఆ పరీక్షలల్లనే ఒక లెక్క నిజాన్ని బైటవెట్టింది. వలస వచ్చినోళ్లు అమెరికాల ఎన్ని ఎక్కువ ఏండ్లు ఉంటె అన్ని ఎక్కువ మార్కులు వచ్చినయి. తెలివి పుట్టుకతోనే అయితే ఏండ్లు గడిస్తే ఎట్ల పెరుగుతది? కండ్ల ముందటి ఈ లెక్కను కూడ వాళ్లకు ఇష్టమున్న తీరుగనే తిప్పి చెప్పుకున్నరు.

రిపోర్టు కార్డు

ఇదంత పుస్తకాల మీది కొట్లాటే అనుకుంటున్నరా? అయితే క్యారీ బక్ సంగతి వినుండ్రి.

వర్జీనియా రాష్ట్రంల పేదింటి పిల్ల. తల్లి ఎమ్మాను మందబుద్ధి అని ముద్రేసి సర్కారు ఆశ్రమంల పెట్టిన్రు. క్యారీని ఇంకో ఇంట్ల పెంచిన్రు. 17 ఏండ్లకు కడుపైంది. ఆ ఇంటోళ్ల చుట్టం తన మీద అత్యాచారం చేసిండని క్యారీ చెప్పింది. వాళ్లు పిల్లనే తప్పువట్టి, ఆమెకు కూడ మందబుద్ధి అని అదే ఆశ్రమంల తోలిన్రు. పుట్టిన బిడ్డ వివియన్‌ను నెలల పసిగుడ్డుగ ఉన్నప్పుడే చూసి, "ఇదీ మామూలుగ లేదు" అన్నరు. మూడు తరాల లెక్క తయారైంది.

మందబుద్ధి ఉన్నోళ్లకు పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ చెయ్యొచ్చు అని ఆ రాష్ట్రంల 1924ల చట్టం చేసిన్రు. కేసు అమెరికా సుప్రీం కోర్టుకు పోయింది. 1927ల తొమ్మిది మంది జడ్జీలల్ల ఎనిమిది మంది చట్టం సరైందే అన్నరు. క్యారీకి ఆపరేషన్ చేసిన్రు. ఆ బాటల అమెరికాల మొత్తం 60 వేలకు పైగ మందికి గిట్లనే చేసిన్రు. 1933ల హిట్లర్ జర్మనీల గసుంటి చట్టమే తెస్తే సుమారు 4 లక్షల మంది బలైన్రు.

మరి వివియన్ ఏమైంది? బడికి పోయింది. గూల్డ్ 1984ల రాసిన ఒక వ్యాసంల ఆమె బడి రికార్డు చూపిండు. మామూలు పిల్లల తీరే మంచిగ చదివింది, 1931ల బడి మెచ్చిన పిల్లల జాబితాల పేరెక్కింది. ఎనిమిదేండ్లకు పేగుల జబ్బుతోని సచ్చిపోయింది. దేశంల పెద్ద కోర్టు ఏ పిల్లను అడ్డంవెట్టి మూడు తరాలు అన్నదో, ఆ పిల్ల రిపోర్టు కార్డు అడిగినోడే లేడు. క్యారీ 1983 దాక బతికింది.

మన ముక్కులు కొలిచినోళ్లు

అమెరికాల పుర్రెలు, పరీక్షలు అయితే, మన దేశంల ముక్కులు. హెర్బర్ట్ రిజ్లీ అనే తెల్లదొర 1901 జనాభా లెక్కలకు పెద్ద ఆఫీసర్. ముక్కు వెడల్పును ముక్కు పొడుగుతోని భాగించి, వందతోని గుణించేటోడు. కులం ఎంత పెద్దదైతే ముక్కు అంత సన్నగ ఉంటది, కులమంటె జాతే అని చెప్పిండు. మద్రాసుల మ్యూజియం పెద్ద ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారితోని కలిసి 1909ల దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేసిండు. మద్రాసు రాష్ట్రంల ఉన్న తెలుగోళ్ల కులాలన్నీ అండ్ల ఉన్నయి, కొన్నిటి కొలతలతోని సహా.

ఆ కాలంలనే ఇంకో చట్టం నడిచింది. నేరం కొన్ని కులాల రక్తంలనే ఉంటది అనే నమ్మకంతోని 1871ల బ్రిటిషోళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. 1911 సవరణతోని మద్రాసు రాష్ట్రానికి కూడ వచ్చింది. ఎరుకలోళ్ల అసుంటి తెగలను పుట్టుక దొంగలని రాసిన్రు. బాపట్ల కాడ స్టూవర్టుపురం గట్ల పుట్టిన సెటిల్‌మెంటే. పసిపిల్ల ఏ దొంగతనం చెయ్యకముందే దొంగల లెక్కల పడ్డది. 1952ల చట్టం రద్దైంది. ముద్ర మాత్రం ఇంకా చెరగలే. ఆ ఊరి పేరు మీద సినిమాలు తీసుడు, జోకులేసుడు ఇయ్యాల్టికీ చూస్తనే ఉన్నం.

ఈ కొలతలను తిరగేసినోడు అంబేద్కర్. అంటరానోళ్లు ఎవలు అనే సంగతి మీద 1948ల అచ్చైన పుస్తకంల అదే ముక్కుల లెక్కలు ముందటేసిండు. ఈ కొలతలను నమ్ముతరా? నమ్మితే బ్రాహ్మలు, అంటరానోళ్లు ఒక్కటే జాతి అని ఈ లెక్కలే చెప్తున్నయి అన్నడు. మనల తక్కువ చేసేటందుకు తెచ్చిన తాసుతోనే తూచి, అండ్ల తేడా లేదని చూపెట్టిండు. చదువు చేతిల ఉంటె చెయ్యగలిగే పని ఇది.

గూల్డ్‌ను తప్పువట్టినోళ్లు

ఇగ నాకు అన్నిటికన్న ఇష్టమున్న భాగం. గూల్డ్ చెప్పిందంత వేదమా? కాదు. మోర్టన్ గింజలు పోసేటప్పుడు తెల్వకనే చెయ్యి జారిండని, నల్లోళ్ల పుర్రెలల్ల తక్కువ నింపిండని గూల్డ్ అనుమానించిండు. అయితే గూల్డ్ ఆ పుర్రెలను ముట్టి కొల్వలే, కాగితాల మీదనే లెక్క చేసిండు. 2011ల కొందరు శాస్త్రవేత్తలు ఆ పుర్రెలల్ల సగం దాక మళ్ల కొలిచిన్రు. మోర్టన్ కొలతలు చాన మట్టుకు సరిగ్గనే ఉన్నయి, గూల్డ్ అనుమానమే తప్పు అన్నరు. ఐక్యూ పరీక్షలు, 1924 అమెరికా వలస చట్టం నడుమ గూల్డ్ కట్టిన ముడి మీద కూడ చరిత్రకారుల నడుమ వాదం ఉన్నది.

మరి మోర్టన్ గెలిచిండా? 2018ల ఇంకో పరిశోధకుడు మోర్టన్ చేతిరాత కాగితాలు వెతికి తీసి, అదే కాలంల జర్మనీల ఫ్రెడరిక్ టీడెమన్ అనే డాక్టర్ చేసిన పనితోని పోల్చిండు. టీడెమన్ కూడ పుర్రెలను నింపి కొలిచినోడే. ఆయన వాడింది మన సామలు, కొర్రల అసుంటి చిరుధాన్యం. ఇద్దరి అంకెలు దగ్గర దగ్గరనే ఉన్నయి. టీడెమన్ మాత్రం ఒక గుంపుల చిన్నయి, పెద్దయి ఎంత దూరం ఉన్నయో చూసిండు. అన్ని గుంపులూ ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి. నల్లోళ్ల మెదడుకు, తెల్లోళ్ల మెదడుకు తేడా లేదని 1836లనే అచ్చేసిండు, బానిసత్వం తప్పన్నడు. మోర్టన్ ఒట్టి సగటు పట్టుకొని మెట్లు కట్టిండు.

అంటె కొలత సరిగ్గ ఉన్నా కూడ దాని నుంచి తీసే మాట తప్పు కావొచ్చు. గూల్డ్ పుస్తకం కన్న ఈ కొట్లాట నాకు ఎక్కువ నేర్పింది. మన తరఫున మాట్లాడినోడు కదా అని వాని లెక్కను చూడకుండ ఒప్పుకుంటె, రేపు అది తప్పని తేలిన్నాడు మనం నోరు మూసుకోవాల్సి వస్తది.

మక్క గింజల పోలిక

"అన్నా, పిల్లలకు తల్లిదండ్రుల పోలిక రాదా మరి?" అంటరు మీరు. వస్తది. జీన్లు ఉన్నయి, పని చేస్తయి, దాన్ని కాదనే పని లేదు. అసలు చిక్కు ఎక్కడున్నదో రిచర్డ్ లెవాంటిన్ అనే జీవశాస్త్రవేత్త 1970ల మక్క గింజలతోని చెప్పిండు. మన ఊరి మాటల్ల చెప్త.

ఒక్క సంచిలకెళ్లి రెండు పిడికిళ్లు మక్కలు తియ్యి. ఒక పిడికిలి ఎరువు, నీళ్లు సక్కగ ఉన్న మడిల ఎయ్యి. ఇంకోటి ఉసికె నేలల ఎయ్యి. ఒక్కొక్క మడి లోపట మొక్కలు ఎత్తు పొట్టి ఉంటయి. నేల ఒక్కటే కాబట్టి ఆ తేడా విత్తనాలతోని వచ్చిందే. రెండు మడుల నడుమ ఉన్న తేడా? అది మొత్తం నేలతోని వచ్చింది. మడి లోపటి తేడాను చూపి "రెండు మడుల తేడా కూడ విత్తనందే" అనుడు తప్పు. అక్కతమ్ముల నడుమ తేడాకు చెప్పే కారణం తీసుకపోయి, రెండు కులాల నడుమ తేడాకు అంటవెట్టుడు కూడ గంతే. ఏ రైతునైనా అడుగు, ఉసికె నేలల పంట రాలేదని విత్తనాన్ని తిట్టడు.

నేల మారితే ఏమైతదో లెక్కలు కూడ ఉన్నయి. జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1980లల్ల చాన దేశాల ఐక్యూ లెక్కలు చూసిండు. పదేండ్లకు సుమారు 3 మార్కుల చొప్పున పెరుగుకుంట వచ్చినయి. ఒక తరంల జీన్లు గంత మారయి. తిండి, బడి, బతుకు మారినయి. మన పక్కన తమిళనాడుల 464 మంది చెరుకు రైతులకు పంట చేతికి రాకముందు ఒకసారి, వచ్చినంక ఒకసారి బుర్ర పరీక్షలు పెట్టిన్రు. 2013ల అచ్చైంది. అదే రైతు, అదే బుర్ర. చేతిల పైసలు లేనప్పుడు తక్కువ వచ్చినయి, పంట అమ్మినంక ఎక్కువ వచ్చినయి. రెండోసారి రాసేటప్పటికి పరీక్ష అలవాటైంది కదా అని ప్రశ్న వేసినోళ్లు ఉన్నరు, వెయ్యాలె కూడ. అప్పులోడు గడపల కూసున్నప్పుడు పిలగానికి లెక్కల పుస్తకం ఎందుకు ఎక్కదో మాత్రం మనకు వేరే ఎవలూ చెప్పే పని లేదు.

రేపు ఎవడన్న అంటె

రేపు మళ్ల ఎవడో వాట్సాప్‌ల "సైన్స్ తేల్చింది, ఫలానోళ్లకు తెలివి తక్కువ" అని పెడ్తడు. ఇప్పుడు పుర్రెలు లేవు, డీఎన్ఏ అంటడు, ర్యాంకులంటడు. కోపానికి రాకుండ్రి. అడుగుండ్రి. ఏం కొలిచిన్రు, తెలివినా లేకపోతే క్రిస్కో అనే పేరు తెలుసుడునా? ఎవలను లెక్కల కలిపిన్రు, ఎవలను తీసేసిన్రు? సగటు ఒక్కటే చెప్తున్నవు, లోపటి తేడా ఎంత? నేల ఒక్కటేనా? వేరేటోళ్లు మళ్ల కొలిచి చూసిన్రా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు లేకుండ సైన్స్ పేరు చెప్పేటోడు మోర్టన్ సంచి మోస్తున్నట్టే.

ఇంకో మాట హాస్టల్ల ఉండే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు. బైటోడు అన్న మాట కన్న, మన లోపట మనం అనుకునే మాట ఎక్కువ కోస్తది. "నా బుర్ర గింతే" అని ఒక్కపారి అనుకుంటె, ఆ తర్వాత పుస్తకం తెరువబుద్ధి కాదు. నిన్ను గింతే అని ఎవలూ కొల్వలే. కొలిచే తాసు ఇంకా పుట్టలే. ఇంగ్లీషు కష్టమైతే నలుగురు కూడి ఒక్క పుస్తకం పెట్టుకుండ్రి. ఒకలు డిక్షనరీ పట్టండ్రి, ఒకలు చదువుండ్రి, వారానికి ఒక్క అధ్యాయం చాలు. గూల్డ్‌తోని మొదలు పెట్టుండ్రి, ఆయనను తప్పువట్టినోళ్లను కూడ చదువుండ్రి. నేను రాసిన ఈ ముక్కల కూడ లెక్క తేడా కనవడితే, నన్ను అడుగుండ్రి.